అద్దె ఏడుపు

"అది ఈ గడప తొక్కితే నాన్న శవపేటికను కదలనివ్వను" అన్నాడు కున్‌లుంగ్.

పోయిన భర్తకు పరలోకంలో ఖర్చులకని, కాల్చడానికి మడుస్తున్న బంగారు కాగితం తల్లి అమేయ్ చేతిలో నలిగిపోయింది.

"ఒక్కగానొక్క ఆడపిల్లరా! పెళ్ళయి వెళ్ళిన కూతురు వీధి మొదట్నుంచి పాకుతూ వచ్చి ఏడవకపోతే మీ నాన్న ఎలా వెళ్తాడు?"

"ఒకామెను మాట్లాడాను. పాకుతుంది, ఏడుస్తుంది. కావాలంటే పాట కూడా పాడుతుంది."

"అద్దె మనిషా? కన్నకూతురు బతికుండగా అద్దె ఏడుపా?"

"టీవీలో తప్ప కనపడని కూతురు. నాన్న మంచాన పడి తీసుకుంటుంటే ఎక్కడుంది?"

"నువ్వే రానిచ్చుండవు. తైవాన్ అంతా సూయిన్ పాటలు పాడుతోంది. నీకేమో వెల్లుల్లి పొలం మిగిలింది. అదేరా నీ కడుపుమంట!"

కున్‌లుంగ్ వెనక్కి తిరిగి శవపేటిక ముందు అగరొత్తులు వెలిగించాడు.

"నువ్వు నా కడుపున పుట్టలేదనుకుంటాను" అంది అమేయ్. మళ్ళీ వాడి మొహం చూడలేదు.

వీధికి అడ్డంగా వేసిన నీలం చారల పందిరి బయట జనం పెరిగిపోతున్నారు. సూయిన్ తండ్రి అంత్యక్రియలు ఇవాళేనని పొద్దున్నే వార్తల్లో వచ్చింది. అభిమానులు బస్సుల్లో దిగారు. కొందరు ఆమె బొమ్మ ఉన్న చొక్కాలతోనే వచ్చేశారు. వెల్లుల్లి మళ్ళలో కెమెరాల వాళ్ళు నిలబడ్డారు.

"చచ్చినాయన్ని చూడ్డానికొచ్చారా, పాడేదాన్ని చూడ్డానికొచ్చారా?" అని పక్కింటి ముసలమ్మ కసిరింది.

"ఇద్దర్నీ, మామ్మా. సూయిన్ అక్క ఏ కార్లో వస్తుంది?"

"మీ తాత వేసుకొస్తాడు కారు! ముందు ఆ మడి దిగండి, మొక్కలన్నీ తొక్కేశారు."

అంతలో మేళం వాళ్ళ చిన్న లారీ వచ్చింది. అందులోంచి ఒకామె దిగింది. తెల్లబట్టలు, తలమీంచి గడ్డం దాకా జారిన గోనె ముసుగు. వీధి మొదట్లోనే మోకాళ్ళ మీద పడి, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"నాన్నా! నీ సూయిన్ వచ్చింది నాన్నా! ఆలస్యమైపోయింది, ఒక్కసారి కళ్ళు తెరువు నాన్నా!"

జనం చప్పుడు ఆగిపోయింది.

"ఒరే, ఆ గొంతు అచ్చం ఆమెదేరా."

"ఏడవడానికొచ్చే వాళ్ళంతా ఆమె గొంతే నేర్చుకుంటారు. దానికే గిరాకీ."

"కాదెహె, ముసుగులో ఉన్నది ఆమే. అన్న రానివ్వనన్నాడని ఇలా వచ్చింది. ఫోను తియ్యి!"

ఆమె సిమెంటు రోడ్డు మీద పాకుతూ వచ్చింది. తెల్లబట్టకు మోకాళ్ళ దగ్గర నెత్తురు అంటింది. శవపేటిక ముందు నుదురు నేలకు ఆనించి, మైకు పక్కన పెట్టేసి, అమేయ్ వైపు తిరిగింది.

"అమ్మా, నీ మిణుగురు వచ్చిందే" అంది సన్నగా.

ఆ ముద్దుపేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. అమేయ్ నివ్వెరపోయి చూసింది. తడుముకుంటూ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత ముసుగుతో సహా గుండెలకు హత్తుకుని భోరుమంది. చాలాసేపు వదల్లేదు. పందిట్లో ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. కున్‌లుంగ్ మాత్రం చూడనట్టే మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

ఆమె లేచి వెళ్ళాక అమేయ్ మొహం తేటపడింది. "కూతురు వచ్చింది. ఇక ఆయన హాయిగా వెళ్తాడు" అంది పక్కింటి ముసలమ్మతో, కొడుక్కి వినపడేలా. "వాడికి కాస్త గంజి పొయ్యండి. నిన్నట్నుంచి ఏమీ తినలేదు."

ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గర ఆమె ముసుగు తీసింది. యాభై దాటిన మొహం, వక్కలు నమిలి ఎర్రబడ్డ పళ్ళు. మోకాళ్ళు కడుక్కుంటుంటే కున్‌లుంగ్ వచ్చాడు.

"బాగా చీరుకుపోయాయమ్మా."

"మా పనే అది, బాబూ. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ముద్దుపేరు నేర్పించారు, ఆమె ఎలా ఏడుస్తుందో నేర్పించారు. ఇంత నాటకం ఎందుకు? చెల్లెల్నే రానిస్తే సరిపోయేదిగా?"

"రానివ్వకపోవడమా!" కున్‌లుంగ్ తొట్టి అంచు పట్టుకున్నాడు. "మొన్న తైపే వెళ్ళి దాని కాళ్ళు పట్టుకున్నాను. ఇవాళ పెద్ద కచేరీ ఉందట. చావింటికి వెళ్ళొచ్చి వేదికెక్కితే అరిష్టమని మేనేజరు చెప్పాడట. 'పూలు పంపిస్తాలే అన్నయ్యా' అంది."

ఆమె మోకాలి మీద తడిగుడ్డ అద్దుకుంది.

"ఆ మాట అమ్మకెలా చెప్పను? నేనే రానివ్వలేదంటే నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోనీ."

"ఈ జన్మంతా తిట్టుకుంటారు బాబూ."

"పర్లేదు. అమ్మకు అనుమానమేమీ రాలేదుగా?"

"లేదు. కూతురే అనుకున్నారు."

కున్‌లుంగ్ ఆ తొట్టి పక్కనే చతికిలబడి, తండ్రి పోయాక మొదటిసారి ఏడ్చాడు.

ఆమె ముసుగు మడిచి సంచీలో పెట్టుకుని లారీ వైపు నడిచింది. గట్టిగా హత్తుకున్నప్పుడు ఆ తల్లి తన చెవిలో చెప్పిన మాట ఆమె ఎవరికీ చెప్పలేదు: "మా అమ్మాయి రాలేదని నాకు అర్థమైంది, తల్లీ. మావాడితో మాత్రం అనకు, నేను నమ్మాననే అనుకోనీ."