ఆనింగ్ చుట్టిన చెయ్యి

ఇల్లులా వాడుకునే మా పద్దెనిమిదేళ్ల పాత మోటర్‌హోమ్‌ బండికి ఆనింగ్, అంటే చుట్టి పెట్టుకునే గుడ్డ పందిరి, నేనే బిగించాను. బండి గోడకు రంధ్రాలు వేసి, నీరు దిగకుండా సీలెంట్ పూసి, రెండు ఆదివారాలు పట్టింది. న్యూకాసిల్ దాటాక సముద్రం ఒడ్డున హ్యాండిల్ తగిలించి తిప్పి దాన్ని మొదటిసారి తెరిచాను. చారల గుడ్డ నిండుగా పరుచుకుంటే నాకు గర్వంగా అనిపించింది.

మా ఆయన క్రాంతి మాత్రం ఆకాశం వంక చూశారు. "గాలొచ్చేలా ఉంది రత్నా. చుట్టేద్దాం. నీ స్క్రూలు గోడతో సహా ఊడొస్తాయి."

"వేసిన రోజే పందిరి విప్పకూడదండీ. నా స్క్రూలకేం కాదు."

"సరే మేస్త్రీ గారూ" అని నవ్వి పడుకున్నారు.

అర్ధరాత్రి గాలి లేచింది. గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. గోడ ఊడుతుందేమోనని భయమేసినా పంతం కొద్దీ లేవలేదు. అప్పుడు బయట హ్యాండిల్ తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తొందర లేదు, తడబాటు లేదు. ఎవరో పని తెలిసినవాళ్లు ఆనింగ్ చుట్టేస్తున్నారు. టపటప ఆగిపోయింది.

ఆయనే లేచారనుకుని చెయ్యి చాచాను. పక్కనే ఉన్నారు. మాకున్న ఒక్క హ్యాండిల్ లోపల, తలుపు వెనక కొక్కేనికే వేలాడుతోంది.

క్రాంతి కళ్లు నులుముకుంటూ కిటికీలోంచి చూశారు. "ఇంత గాలిలో ఒక్కదానివే చుట్టావా? నిజంగా గట్టిదానివే."

ఆ మాట వినాలని ఎన్నాళ్లనుంచో ఉంది.

"నేనే చుట్టాను" అన్నాను.

బయట ఆనింగ్ మెల్లగా మళ్లీ తెరుచుకోసాగింది.