పెట్ట పెంచిన పిల్లి

ఒక పెరట్లో చుక్కలపెట్ట రెక్క కింద ఓ పిల్లికూన పెరిగింది. ఈమధ్యే పెట్ట గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. ఆ కోడిపిల్లలు కిచకిచమంటే చాలు, పిల్లి తోక కొస కదులుతోంది. పెట్టకు గుండె గుభేలుమంది. పిల్లికి ఇంకో చోటు చూద్దామని బయల్దేరింది.

ముందు గేదె దగ్గరికెళ్లి, "మా పిల్లి బంగారం వదినా! నీ కొట్టంలో ఉంచుకో" అంది.

"అంత బంగారమైతే నువ్వెందుకు వదులుకుంటున్నావు?" అంది గేదె.

ఈసారి నిజమే చెబుదామని బాతు దగ్గర, "దాని చూపంటే భయంగా ఉందక్కా" అంది.

"పెంచినదానివి నీకే భయమైతే, నాకెందుకమ్మా అంటగడతావు?" అంది బాతు.

పొగిడితే ఒక తంటా, నిజం చెబితే ఇంకో తంటా. ఏమీ పాలుపోక ఉసూరుమంటూ తన కోళ్లగంప దగ్గరికి వచ్చింది. పెరట్లో మాట ఎంతసేపు దాగుతుంది? పిల్లి ఎదురొచ్చింది.

"ఎవరూ ఒప్పుకోలేదా అమ్మా? కళ్లు తెరవని నన్ను మా కన్నతల్లి నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పింది. చివరికి నీ గంప కింద దించి వెళ్లిపోయింది. ఆరోజు నువ్వేమీ అడగలేదు."

పెట్ట కోడిపిల్లల్ని ఒక రెక్క కిందికి లాక్కుంది. రెండో రెక్క ఎత్తింది గానీ, చాచాలో ముడవాలో దానికి తెలియలేదు.