గంగాధరరావు గారి చెయ్యి

వెనక వరసలో చెయ్యెత్తిన పెద్దమనిషి ఎవరో అక్కడ ఎవరికీ తెలీదు.

అమలాపురం హామ్ రేడియో క్లబ్బు సమావేశానికి వచ్చేవి ఎప్పుడూ వచ్చే మొహాలే. అందుకని అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఆ సెట్టు ఆ అమ్మాయికే ఇచ్చెయ్యండి," అన్నాడాయన.

ఆ అమ్మాయి వీరదుర్గ. ఐ.పోలవరం అవతల, సముద్రం అంచున వాళ్ల ఊరు. తుఫానుకి సెల్ టవర్లు కూలితే బయటికి కబురు పంపడానికి ఆ ఊళ్లో క్లబ్బు తరఫున ఒక రేడియో సెట్టు ఉంచాలని అనుకున్నారు. వీరదుర్గ పరీక్ష రాసి చిన్న లైసెన్సు తెచ్చుకుంది. పెరట్లో కొబ్బరిచెట్టుకి యాంటెన్నా కూడా కట్టించుకుంది.

క్లబ్బు పెట్టిన మోర్స్ పరీక్షలో మాత్రం తప్పింది. చేత్తో మీట కొడితే చుక్కలూ గీతలుగా చెవిన పడే ఆ సంకేతాలు ఆమెకి ఎంతకీ పట్టుబడలేదు.

చిన్న లైసెన్సుతో మైకులో మాట్లాడుకోవడానికి మోర్స్ అక్కర్లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఒప్పుకోనిది క్లబ్బు. క్లబ్బంటే సూర్యప్రకాశరావు.

"ఓడలవాళ్లే మానేసేరండీ. మనమింకా పట్టుకు వేలాడ్డమెందుకూ?" అన్నాడు కుర్ర సభ్యుడు శ్యామ్ బాబు.

"తుఫాన్ని నువ్వు టీవీలో చూసేవబ్బాయ్. తొంభయ్యారులో నేను చెవులారా విన్నాను," అన్నాడు సూర్యప్రకాశరావు.

ఆ కథ అందరికీ కంఠతా వచ్చు. అయినా ఎవరూ అడ్డుపడలేదు.

"ఫోన్లు పోయేయి. కరెంటు పోయింది. రేడియోలో ఒకటే హోరు. మాటన్నది వినపడదు. ఆ హోరులోంచి మోర్స్‌లో కొత్తమూలలంక గంగాధరరావు గారి గుర్తు, ఆయన కాల్ సైను! నడుందాకా నీళ్లు, బడి మీద జనం, పడవలు పంపండి అని. ఒక్కో అక్షరం ఆగి, ఆగి, అచ్చు గుద్దినట్టు! కంగారన్నది లేదు. పక్కన సముద్రం లేచొస్తుంటే అంత నిదానమా! అది చెయ్యి కాదు, తపస్సు. తడుస్తూ పరిగెత్తి ఆఫీసర్లకి చెప్పేను. పడవలెళ్లేయి. బడి మీదున్న జనం బతికేరు. ఆ మహానుభావుణ్ణి చూద్దామనుకునేలోపే ఆయన పోయేరు."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అలాంటి చెయ్యి ఉన్నవాళ్లకే మన సెట్టు."

వెనక వరస పెద్దమనిషి మళ్లీ లేచాడు.

"ఆపదలో మనిషి ఏదొస్తే దాంతోనే పిలుస్తాడండి. పిలిచేవాళ్లొకరు ఊళ్లో ఉండాలి. పరీక్షదేముందండీ?"

"తమరికి మోర్స్ వచ్చాండీ?"

"వచ్చని చెప్పుకునేంత కాదండి."

"అదీ సంగతి! ఆడలేనమ్మ మద్దెల ఓడందిట!"

అందరూ నవ్వారు. ఆయనా కాస్త నవ్వాడు.

చేతులెత్తించి లెక్క చూస్తే సూర్యప్రకాశరావు మాటే నెగ్గింది. సెట్టు బీరువాలోనే ఉండిపోయింది.

తలొంచుకు కూర్చున్న వీరదుర్గ దగ్గర ఆ పెద్దమనిషి ఆగాడు.

"నీ గొంతు తేటగా ఉందమ్మా. అది తక్కువేం కాదు."

అనేశాను గానీ అనవలసింది కాదేమో అని సూర్యప్రకాశరావుకి అప్పుడనిపించింది. ముందుగా వెళ్లి మెట్ల మీద లైటు వేశాడు.

"ఆయ్, వస్తానండీ," అని ఆయన గోడ పట్టుకుని దిగి వెళ్లిపోయాడు. పేరడగడం ఎవరికీ తోచలేదు.

వానలు మొదలయ్యే ముందు, క్లబ్బు గదిలో గంగాధరరావు గారి ఫొటో పెట్టాలనుకున్నారు. దానికోసం సూర్యప్రకాశరావు రాజోలులో ఉన్న ఆయన కూతురు కామేశ్వరి ఇంటికి వెళ్లాడు.

హాల్లో ఒక కొత్త ఫొటోకి దండ వేసి ఉంది. ఆ మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈయన..."

"మా బాబాయండి. మాణిక్యాలరావు గారు. పోయిన నెల నిద్దట్లోనే పోయేరు. మీ మీటింగుకి వచ్చేనని చెప్పేరండి. ఆ అమ్మాయికి సెట్టిచ్చేరాండీ?"

"లేదమ్మా. మోర్స్ రాదు కదా. నాన్నగారి చెయ్యి విన్న చెవులమ్మా ఇవి, ఎలా ఒప్పుకుంటాయి?"

కామేశ్వరి మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"తుఫాను పూట నాన్నగారు ఊళ్లో లేరండి. కాకినాడ ఆస్పత్రిలో ఉన్నారు."

సూర్యప్రకాశరావుకి అర్థం కాలేదు.

"ఇంట్లో అమ్మా, నేనూ, బాబాయీ. బాబాయే బల్ల మీద బల్లేసి సెట్టూ బ్యాటరీ పైకెక్కించేరు. మైకులో గొంతు పోయేలా అరిచేరండి. ఎవరూ పలకలేదు. అప్పుడు గోడ మీది మోర్స్ పటం దగ్గర నేను లాంతరు పట్టుకుంటే, ఒక్కో అక్షరం అందులో వెతుక్కుని కొట్టేరు."

"మాకెందుకు చెప్పలేదమ్మా?"

"నాన్నగారి కాల్ సైను మీద ఇంకొకరు కొట్టేరంటే నాన్నగారికి మాటొస్తుందని భయపడ్డారండి. ఆ తరవాత మీరంతా నాన్నగారిని అంత గొప్పగా చెప్పుకుంటుంటే, కాదనడానికి మనసొప్పలేదన్నారు."

గ్లాసు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. తాగకుండానే దాన్ని పక్కన పెట్టి అడిగాడు.

"మరి... బాబాయి గారు పరీక్ష రాయలేదా?"

"రాసేరండి. తుఫానుకి ముందూ రాసేరు, తరవాతా రాసేరు. రెండుసార్లూ మోర్స్‌లోనే తప్పేరు."