చుక్క చెరిపిన చెయ్యి

సోఫియా నగరపు సంతలో కొన్న, ఏ రకమో ముద్ర లేని చిన్న ట్రాన్సిస్టర్ ముక్కల పెట్టెను ఆసెన్ నా బల్ల మీద బోర్లించాడు.

"మన పాత ఫ్యాక్టరీ సరుకే, రూజా పిన్నీ. అక్కడ ఇరవై ఏళ్ళు పరీక్షలు చేసినదానివి, ఏవి ఏమిటో చెప్పు. నేను బాగుచేస్తున్న ఆసుపత్రి మిషన్‌కి కావాలి."

మీటరు పెట్టి చూశాను. ఒక్కటీ నిలకడగా లేదు. భూతద్దంలో ఎర్ర మరకలు కనిపించగానే వాటిని పక్కకు నెట్టేశాను.

"ఛీ, పారెయ్! పనికిరావని ఎర్రచుక్క పెట్టినవిరా ఇవి. ఆ చుక్కలు తుడిచేసి మంచివాటిలో కలిపారు."

"ఎవడా నీచుడు? ఊపిరి మిషన్ ఆగిపోవడం వల్లే మా అమ్మ చచ్చిపోయింది పిన్నీ! అందులోని ట్రాన్సిస్టర్లూ ఈ ఫ్యాక్టరీవే."

భూతద్దం బల్ల మీద పెట్టాను.

"ఉత్పత్తి కోటా నిండలేదని మేనేజరు వెంటపడితే, స్పిరిటు గుడ్డతో తుడిచింది నేనేరా" అన్నాను.

ఆసెన్ నా గుమ్మంలో ఉమ్మేసి వెళ్ళిపోయాడు.