చచ్చిన చెరువుకి మేత

"చెయ్యి ఇవ్వండి," అంది నర్సు మూడోసారి.

పూర్ణచంద్రరావు ఇవ్వలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని, ఆపరేషన్ అయిన కాలు స్టూలు మీద చాపుకుని, బందరు ఆస్పత్రిలో కీమో మందు ఎక్కించే కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

"ఏవండీ, అందరూ మననే చూస్తున్నారు," అంది భార్య దుర్గ.

"చూడనీ. తొంభై ఆరు శాతం చచ్చిన చెరువుకి ఎవడైనా మేత వేస్తాడా?"

కృత్తివెన్ను దగ్గర ఆయనకి పాతిక ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. ఎన్ని బతికాయి, ఎన్ని పోయాయి అన్నదే రోజూ పొద్దున ఆయన అడిగే మొదటి ప్రశ్న. ఇప్పుడు మోకాలి పైన ఎముకలో కేన్సర్. మూడు నెలలు మందు ఎక్కించి, ఆ ముక్క కోసి తీసి, దాని చోట లోహపు ఎముక పెట్టారు. తీసిన ముక్క లేబుకి వెళ్ళింది. ఇవాళ ఆ రిపోర్టు ఇస్తూ కౌంటర్లో అమ్మాయి, "తొంభై ఆరు శాతం చచ్చిపోయాయండీ," అని నవ్వుతూ చెప్పింది.

"సగం పోతేనే మేత కంపెనీవాడు కూడా ఏడుపు మొహం పెడతాడు. ఆ పిల్ల చూడు, పళ్ళన్నీ బయటపెట్టింది," అన్నాడు పూర్ణచంద్రరావు. "నాలుగు శాతం మిగిలిందంటే మోటార్లు కట్టేసి ఇంటికెళ్ళి పడుకోవడమే. నన్నూ తీసుకెళ్ళు."

దుర్గ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడా చెరువు గట్ల మీద బతికిన మనిషే. లెక్క ఆవిడకీ అలాగే అర్థమైంది.

డాక్టర్ ఝాన్సీ వచ్చి సంగతి విని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రావుగారూ, చచ్చింది మీరు కాదు. కేన్సర్ కణాలు."

"అవా?"

"అవే. మందు ఎంత పనిచేసిందో తెలుసుకోడానికే ఆ ముక్క పంపాం. తొంభై దాటితే మాకు పండగ. మీకు తొంభై ఆరు."

 ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"దుర్గా, ఆ వాకర్ ఇలా తే. మనం గెలిచాం."

"ఎక్కడికండీ?" అంది డాక్టర్.

"చెరువు మీదకి. అన్నీ పోయాక ఇంక మందెందుకు?"

"అన్నీ పోలేదు. ఆ ముక్కలో నాలుగు శాతం బతికే ఉన్నాయి. అలాంటివి ఒంట్లో ఇంకెక్కడైనా నక్కి ఉండొచ్చు. ఇంకా నాలుగు విడతలు ఎక్కించాలి. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులకి పాకుతాయి. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

"నాలుగు శాతం ఏ లెక్కలోకి వస్తుందండీ? ఈ మందుతో మూడు నెలలుగా అన్నం సున్నంలా ఉంది. మంచినీళ్ళు కూడా తుప్పు వాసన. నావల్ల కాదు మేడమ్."

"ఇందాక చచ్చిపోతున్నానని మందు వద్దన్నారు. ఇప్పుడు బతికిపోయానని వద్దంటున్నారు," అంది దుర్గ. "మందు కావాలనడానికి ఈయన ఎలా ఉండాలండీ?"

డాక్టర్ కుర్చీలోంచి లేచింది. "రెండు నిమిషాలు కూర్చోండి. మా స్పెషలిస్టుని పంపిస్తాను. ఆయన కూడా వెళ్ళమంటే నేను ఆపను."

వచ్చినాయన తెల్లచొక్కా వేసుకున్నాడు. మొహానికి మాస్కు, చేతిలో ఫైలు. పేరు దయానందం అన్నాడు. కాలు వంక చూడనైనా చూడలేదు.

"వైరస్ వచ్చిన చెరువులో రొయ్యలు పట్టేశాక ఏం చేస్తారండీ?"

"నీళ్ళు తోడేస్తాం."

"తరవాత?"

"బ్లీచింగ్ కొడతాం. నేల బీటలు తీసేదాకా ఎండబెడతాం."

"అంత దేనికండీ? నూటికి తొంభై ఆరు వంతులు ఎండింది కదా. మూలన నాలుగు వంతులు తడుంటే ఏమైంది? కొత్త రొయ్యపిల్ల వేసేయండి."

పూర్ణచంద్రరావుకి ఒళ్ళు మండింది. "భలేవారండీ. ఆ తడిలో వైరస్ మోసే పీత ఒక్కటి బతికినా చాలు, కొత్త పంట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పూర్తిగా ఎండాల్సిందే. మధ్యలో ఆపినవాడంత బుద్ధిలేనివాడు..."

మాట ఆగిపోయింది.

దయానందం తాపీగా ఫైలు తిరగేస్తూ నిలబడ్డాడు.

పూర్ణచంద్రరావు దుర్గ వైపు చూశాడు. కాలు చూసుకున్నాడు. మెల్లగా కుర్చీలో కూర్చుని నర్సు వైపు చెయ్యి చాపాడు.

"కొట్టమ్మా బ్లీచింగ్."

సూది దిగింది. మందు చుక్కలు చుక్కలుగా ఎక్కడం మొదలైంది. దుర్గ అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"ఇలా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది డాక్టరు గారూ," అన్నాడు పూర్ణచంద్రరావు. "ఆ మేడమ్ గారు కూడా మీ దగ్గర నేర్చుకోవాలి. ఇంతకీ తమరు ఎక్కడ చదువుకున్నారండీ?"

దయానందం వంగి, ఎడమ ప్యాంటు కాలు మోకాలి పైదాకా మడిచాడు. లోపల కాలు లేదు. ఉక్కు కడ్డీ తళతళలాడింది.

"ఈ కుర్చీలోనేనండీ, ఆరేళ్ళ కిందట, విడతలన్నీ పూర్తయ్యేదాకా. నాకూ నాగాయలంకలో మూడు చెరువులున్నాయి. నా రిపోర్టులో చచ్చింది నలభై శాతమే."