మట్టి చేతులు

కలుపు మొలవకుండా తెల్లవారుజాము నుంచీ తాను నడుము వంచి పెరడంతా పరిచిన నల్లగుడ్డను భార్య కత్తెరతో చీలుస్తుంటే ఆయనకు ఒళ్లు మండింది.

"నీ మోకాళ్ల కోసమే కదా ఇదంతా వేసింది."

"నా మోకాళ్లు వచ్చి మీకు మొరపెట్టుకున్నాయా?"

"రోజూ గంటసేపు కూర్చుని ఆ గడ్డి పీక్కోకపోతే ఏం?"

"గడ్డి కోసం కాదు." కత్తెర ఆగలేదు. "చేతులకు మట్టి ఉన్నంతసేపే ఈ ఇంట్లో నాకెవరూ పని చెప్పరు. మీతో సహా."

గుండీ ఊడిన చొక్కా పట్టుకుని, ఆమె ఎప్పుడు చేతులు కడుక్కుంటుందా అని మొన్న తాను గుమ్మంలో కాచుకోవడం ఆయనకు గుర్తొచ్చింది.

లోపల్నుంచి కోడలు పిలిచింది. "అత్తయ్యా, పాపను కాస్త ఎత్తుకోండి, ఆఫీసుకు ఆలస్యమవుతోంది."

ఆమె చేతులు చూసుకుంది. శుభ్రంగా ఉన్నాయి. కత్తెర పక్కన పడేసి, గుడ్డ చీలికలోంచి రెండు చేతులూ మణికట్ల దాకా మట్టిలోకి దించింది. ఇప్పుడేమంటారన్నట్టు ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

ఆయన కుళాయి తిప్పి తన చేతులు కడుక్కున్నాడు.

"మీ అత్తయ్య చేతుల నిండా మట్టి ఉందమ్మా. నేనొస్తున్నా."