లేని బోటు

పొద్దుటి నుంచి తూర్పుగాలి ఆగలేదు. తుఫాను హెచ్చరికతో గిలకలదిండి హార్బరుకు బోట్లన్నీ తిరిగొస్తున్నాయి. యజమానుల సంఘం ఆఫీసులో సుమయ్యా వచ్చిన ప్రతి బోటునూ కంప్యూటరులో ఎక్కిస్తోంది.

సాయంత్రానికి ఒక్క బోటు మిగిలింది. అది ఎక్కడుందని అధికారులు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

"ఎవరిదమ్మా అది?" అప్పుడే ఒడ్డుకొచ్చిన, బోటు నడిపే సరంగు యేసుదాసు అడిగాడు.

"నీదే బాబాయ్. కంగారుపడకు, అలాంటి బోటు లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో బోటుకి ముగ్గురి పేర్లే పడతాయి. మీరేమో నలుగురు. నాలుగోవాడి కోసం ఇంకో బోటు నంబరు పుట్టించి అందులో ఎక్కించాను."

"నాకు రెండో బోటుందని మా ఆవిడతో మాత్రం అనకు."

సుమయ్యా నవ్వింది. ఆ బోటూ వచ్చినట్టు నొక్కబోయి ఆగింది.

"ఆ నాలుగో అబ్బాయి నీతోపాటే దిగాడా?"

"లేదు. పొద్దున ఇసుకతిప్ప మీద దింపాం. పీతల వలలు తీసుకుని చిన్న నావలో వస్తానన్నాడు. ఈపాటికి ఇంట్లో ఉంటాడు."

సుమయ్యా వాళ్లింటికి ఫోన్ చేసింది. తల్లి ఎత్తింది.

"మీ దగ్గరున్నాడనుకుంటున్నానమ్మా."

ఆ మాట విని యేసుదాసు బోటు వైపు నడిచాడు.

అధికారులు మళ్లీ అడిగారు. అన్నీ వచ్చేసినట్టేనా?

"లేదండీ," అంది సుమయ్యా. "ఒక బోటు రావాలి."

దీపాలు పెట్టే వేళకు యేసుదాసు, అతని బోటులో పనిచేసే ఇద్దరు కళాసీలు హార్బరు వదిలి తిప్ప వైపు బోటు పోనిచ్చారు.